ముందు పాదాన్ని కొలవండి

ప్రతి ఏడాదీ కాలేజీ తెరిచిన కొత్తలో హాస్టల్లో ఒక సీజన్ నడుస్తుంది. నలుగురైదుగురు కలిసి "రేపట్నుంచి పొద్దున్నే రన్నింగ్" అనుకుంటారు. సేల్‌లో షూ ఆర్డర్ పెడతారు. మొదటి వారం అయిదుగురు వెళ్తారు, రెండో వారం ఇద్దరు. మూడో వారానికి గ్రౌండ్‌లో వాచ్‌మన్ ఒక్కడే మిగులుతాడు. ఏమైందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మన బాడీకి సెట్ అవ్వదు రా."

బద్ధకం కూడా ఉంటుంది, కాదనను. కానీ ఆ మానేసినవాళ్ళ పాదాలు ఒకసారి చూడండి. చిటికెన వేలి మీద బొబ్బ, మడమ వెనక ఒలిచిపోయిన చర్మం, నల్లబడిన బొటనవేలి గోరు. చెప్పు కరిచిన కాలితో ఎవరు పరిగెడతారు? వాళ్ళు తమ ఒంటిని తిట్టుకుంటున్నారు గానీ, చాలామంది విషయంలో తప్పు మనం షూ కొనే పద్ధతిలో ఉందని నా అభిప్రాయం.

ల్యాప్‌టాప్ కొనాలంటే ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని నెల రోజులు చర్చిస్తాం. షూకి వచ్చేసరికి రెండే ప్రశ్నలు: ఏ బ్రాండ్, ఎంత డిస్కౌంట్? సైజు అడిగితే ఇంటర్‌లో చెప్పిన నంబరే ఇప్పుడూ చెప్పేస్తాం.

అసలు ఆ నంబర్ ఎక్కడిది? మన దగ్గర షూ పెట్టెల మీద ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ సైజు. ఒక నంబర్‌కీ తర్వాతి నంబర్‌కీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ఒకప్పుడు బార్లీ గింజ పొడవుని లెక్కగా పెట్టుకున్న కొలత అది. అమెరికన్ నంబర్ మళ్ళీ వేరు. మగవాళ్ళ షూలో బ్రిటిష్ 8 చాలా బ్రాండ్లలో అమెరికన్ 9 అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ నంబర్ పాదం పొడవుని మాత్రమే చెప్తుంది. వెడల్పు గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

చిక్కంతా అక్కడే ఉంది. చెన్నైలో ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశవ్యాప్తంగా 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను కొలిచింది. మొత్తం మీద మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పు అని తేలింది. అందుకే మన దేశానికంటూ 'భ' అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు పాదం ఉన్నవాడు తన నంబర్ షూ వేసుకుంటే పక్కల నొక్కేస్తుంది. దాంతో ఒక నంబర్ పెద్దది కొంటాడు. అప్పుడు పొడవు ఎక్కువై మడమ జారుతుంది. జారకుండా లేసులు బిగించి కడతాడు. పైన నరాలు నొప్పి, వెనక బొబ్బలు. ఒక్క కొలత తప్పితే ఇన్ని బాధలు.

దీనికి మన దగ్గర రెండు రకాల సమాధానాలు వినిపిస్తుంటాయి. మొదటిది: "డబ్బులు పెట్టు, మంచిది వస్తుంది." ఖరీదైన షూలో మెరుగైన ఫోమ్ ఉండొచ్చు. కార్బన్ ప్లేట్ ఉన్న షూలు మారథాన్‌ని ఎంత మార్చేశాయంటే, 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు పోటీల షూకి అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, ప్లేట్ ఒకటికి మించకూడదని రూల్ పెట్టాల్సి వచ్చింది. కానీ ఆ షూలు పుట్టింది పోటీలో సెకన్లు మిగుల్చుకునేవాళ్ళ కోసం. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి టిఫిన్‌కి పరిగెత్తే మనకి ముందు కావాల్సింది వేళ్ళు కదిలేంత చోటు. పాదం పట్టని షూ పదివేలదైనా కరుస్తుంది.

రెండో సమాధానం ఇంట్లో పెద్దవాళ్ళది: "మేం చెప్పుల్లేకుండానే పొలాల గట్ల మీద పరిగెత్తాం, మీకివన్నీ ఎందుకురా?" దీనికి సాక్ష్యంగా ఇథియోపియా రన్నర్ అబేబే బికిలాని చూపించొచ్చు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్ళతో మారథాన్ పరిగెత్తి గెలిచాడు. ఇచ్చిన షూ పాదానికి సరిగ్గా కుదరలేదని, అందుకే వదిలేశాడని చెప్తారు. ఆయనే 1964లో టోక్యోలో షూ వేసుకుని పరిగెత్తి మళ్ళీ గోల్డ్ కొట్టాడు, అదీ ఇంకా తక్కువ టైమ్‌లో. దీన్నుంచి నాకు అర్థమైంది ఒకటే. కుదరని షూ కంటే వట్టి కాలే నయం, కుదిరిన షూ ఉంటే వేసుకోవడంలో తప్పేం లేదు. పైగా బికిలా చిన్నప్పట్నుంచీ అలా అలవాటు పడ్డ మనిషి. స్కూల్ బస్సు దిగి లిఫ్ట్ ఎక్కిన మన పాదాలకి ఆ లెక్క వర్తించదు.

మరి ఏం చెయ్యాలి? ఒక ఏ4 పేపర్, పెన్సిల్, గోడ ఉంటే చాలు. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, కాబట్టి మనలో దాదాపు అందరి పాదం అందులో పట్టేస్తుంది. సాయంత్రం పూట కొలవండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. రన్నింగ్‌కి వేసుకునే సాక్సే వేసుకోండి. మడమ గోడకి ఆనించి, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడండి. ఫ్రెండ్‌తో గీత గీయించండి. అన్నిటికంటే పొడవైన వేలి వరకు కొలవాలి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి దాని పక్క వేలు పొడవు. అలాగే వేళ్ళ మొదట్లో పాదం ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడ అడ్డంగా కొలవండి. రెండు పాదాలూ కొలవండి, తేడా ఉంటే పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. తర్వాత ఆ బ్రాండ్ సెంటీమీటర్ల చార్ట్‌తో పోల్చండి. కొన్ని కంపెనీలు అదే నంబర్‌లో వెడల్పు రకం కూడా అమ్ముతాయి, అది ఉందేమో చూడండి.

షూ చేతికొచ్చాక రెండు పరీక్షలు. నిలబడినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తర్వాత ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి. పాదం అంచు దాటి బయటికి వస్తుంటే షూ ఇరుకని అర్థం. షాపులో "వేస్తూ ఉంటే లూజ్ అయిపోతుంది తమ్ముడూ" అంటారు. తోలు చెప్పు సాగొచ్చు గానీ రన్నింగ్ షూ విషయంలో ఆ మాట నమ్మి డబ్బు పెట్టొద్దు. ఆన్‌లైన్‌లో కొంటే ముందు కారిడార్‌లోనే అటూ ఇటూ జాగ్ చెయ్యండి. ఒకసారి మట్టి అంటితే రిటర్న్ తీసుకోరు.

ఫ్లాట్ ఫుట్టా, హై ఆర్చా అని తడి పాదం ముద్ర చూసి షూ రకం ఎంచుకోమనే సలహా మీరు వినే ఉంటారు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళ మీద పెద్ద పరీక్షలే చేశారు. పాదం ఆకారాన్ని బట్టి షూ ఇచ్చినవాళ్ళకీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్ళకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాల్గరీ యూనివర్సిటీలో పాదాల కదలిక మీద ఏళ్ళ తరబడి పనిచేసిన బెన్నో నిగ్, వేసుకున్నప్పుడు పాదానికి ఏది హాయిగా ఉందో దాన్నే ఎంచుకోమన్నాడు. రివ్యూ చేసినవాడి పాదం మీది కాదు కదా. నొప్పి ముందు నుంచే ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి, షూతో వైద్యం చేసుకోకండి.

ఇక కొన్నాక సంగతి. మనం షూని చంపేది పరిగెత్తి కాదు, మిగతా పనులకి వాడి. క్లాసుకి అదే, వర్క్‌షాప్‌కి అదే, బైక్‌కి అదే. గేర్ రాడ్ రాసుకుని ఎడమ షూ పైభాగం నల్లగా చిరిగి ఉన్న రన్నింగ్ షూలు మన పార్కింగ్‌లో ఎన్ని కావాలంటే అన్ని. లేసు విప్పకుండా రెండో కాలితో మడమ తొక్కి తీస్తే వెనకాల గట్టిగా ఉండే భాగం విరిగిపోతుంది, ఇంక మడమని పట్టి ఉంచదు. తడిస్తే ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్, వేడి నీళ్ళు, మిట్టమధ్యాహ్నం టెర్రస్, ఈ మూడూ జిగురుకీ ఫోమ్‌కీ శత్రువులు. మురికైతే పాత టూత్‌బ్రష్, కాస్త సబ్బు నీళ్ళు చాలు.

షూ జీవితం 500 నుంచి 800 కిలోమీటర్లని సాధారణంగా చెప్తారు. రోజుకి 3 కిలోమీటర్ల చొప్పున వారానికి 5 రోజులు పరిగెడితే వారానికి 15. అంటే 500 కిలోమీటర్లకి 33 వారాలు, అంటే సుమారు ఒక అకడమిక్ ఇయర్. అడుగున గీతలు అరగకముందే లోపలి ఫోమ్ అణిగిపోవచ్చు. టేబుల్ మీద పెట్టినప్పుడు షూ ఒక పక్కకి ఒరిగినా, కారణం లేకుండా పిక్కలు, మోకాళ్ళు కొత్తగా నొప్పి పెట్టినా దాన్ని క్లాస్ షూగా మార్చేయండి.

ఇదంతా సరదా కోసం పరిగెత్తేవాళ్ళ సమస్య అనుకోవద్దు. మనలో చాలామందికి ఊళ్ళో కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యే అన్నో, ఫ్రెండో ఉంటాడు. 1600 మీటర్ల పరుగు మీద వాళ్ళ ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. చీకటితో లేచి, ఎవరో ఇచ్చిన షూ వేసుకుని ప్రాక్టీస్ చేసేవాళ్ళున్నారు. కొత్త షూ కొనిచ్చే స్తోమత మనకి లేకపోవచ్చు. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒక పేపర్ మీద వాళ్ళ పాదం గీసి కొలత చెప్పగలం. ఉన్న కొద్ది డబ్బులో సరైనది కొనుక్కుంటారు.

కాలేజీలో కూడా ఒక పని చెయ్యొచ్చు. స్పోర్ట్స్ రూమ్ గోడ దగ్గర నేల మీద ఒక స్కేల్ అతికించమని పీడీ సార్‌ని అడుగుదాం. పొడవుకి ఒకటి, వెడల్పుకి ఒకటి. పక్కన సైజుల చార్ట్. ఖర్చు యాభై రూపాయలు కూడా అవ్వదు. వచ్చే బ్యాచ్ వాళ్ళు సేల్ పేజీ తెరిచే ముందు అక్కడ రెండు నిమిషాలు నిలబడితే, మూడో వారంలో కూడా గ్రౌండ్‌లో వాచ్‌మన్‌కి తోడు దొరుకుతుంది.