అమెరికా పింఛన్ల కోత, గల్ఫ్‌ల ఉత్త చేతులు

అమెరికాల ఇరవై ఏండ్లు కొలువు జేసి, రిటైరైనంక కరీంనగరో ఖమ్మమో మర్లొచ్చి బతుకుదాం అనుకునేటోళ్లు మనల ఉన్నరు. ఈళ్లల్ల అక్కడి పౌరసత్వం తీసుకోకుంట మన పాస్‌పోర్టుతోనే ఉన్నోళ్లకు ఒక లెక్క తెల్వాలె. సోషల్ సెక్యూరిటీ పింఛను నెలకు 1,000 డాలర్లు అనుకుందాం. ఇండియాల ఉంటే చేతికొచ్చేది 745. మిగిలిన 255 అమెరికా సర్కారు ముందుగాల్నే పట్టుకుంటది. పింఛన్ల 85 శాతాన్ని ఆదాయం కింద లెక్కగట్టి దాని మీద 30 శాతం పన్ను. పింఛను ఎంత చిన్నదైనా గదే రేటు.

అదే మనిషి జర్మనీల, బ్రిటన్‌ల, లేకుంటే కెనడాల స్థిరపడితే అమెరికా ఒక్క డాలర్ పట్టుకోదు. మా గడ్డ మీద ఉండేటోళ్ల పింఛన్ మీద పన్ను సంగతి మేమే చూసుకుంటం అని ఆ దేశాలు ఒప్పందంల రాయించుకున్నయి. మనం 1989ల సంతకం పెట్టిన ఒప్పందంల ఉల్టా ఉన్నది. సోషల్ సెక్యూరిటీ మీద పన్ను హక్కు పింఛను ఇచ్చే దేశానిదే. కంపెనీ పింఛను ముచ్చట వేరే, దాని మీద హక్కు మనిషి ఉండే దేశానిది.

రెండు దిక్కుల పన్ను పడకుంట కాపాడినం గదా అంటరు. నిజమే, ఆ పింఛను మీద మన ఇన్‌కమ్ ట్యాక్సోళ్లు మళ్ల చెయ్యి పెట్టరు. గని ఆ ఒక్కసారి పడేది ఏ దిక్కు పడాలె అన్నదే నేనడిగేది. ఏడాదికి 12,000 డాలర్లు అంటే మన రూపాయల్ల 12 లక్షల లోపు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంల 12 లక్షల దాక రిబేటు ఉన్నది, కట్టేది సున్న. ఇక్కడ సున్న కావాల్సిన దానికి అక్కడ 3,060 డాలర్లు పోతున్నయి. అవి మన ఖజానాకన్న వస్తయా అంటే అదీ లేదు.

ఈళ్లన్న నయం, 745 చూస్తున్నరు. ఆ పింఛను రావాలంటే 40 క్రెడిట్లు కావాలె, ఏడాదికి నాలుగే ఇస్తరు. హెచ్-1బీ మామూలు గడువు ఆరేండ్లు. ఆరేండ్లు జీతంలకెల్లి 6.2 శాతం కట్టి, 24 క్రెడిట్లతోని మర్లొచ్చిన పోరగానికి పింఛను రాదు, కట్టింది వాపసు రాదు. జర్మనీతోని మనకు సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉన్నది, అక్కడి ఏండ్లు, ఇక్కడి ఏండ్లు కలిపి లెక్క గడ్తరు. బెల్జియం, ఫ్రాన్స్, జపాన్‌తోని సుత ఉన్నది. మనోళ్లు ఎక్కువ కట్టే అమెరికాతోని మాత్రం లేదు. ఢిల్లీల ఎవలొచ్చినా ఏండ్లకేండ్లు చర్చలల్లనే ఉన్నదంటరు.

ఇగ మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు. గల్ఫ్‌ల జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మస్తు గొప్పగ చెప్పుకుంటం. పన్ను లేదు, పింఛను సుత లేదు. అక్కడి సర్కారు పింఛను నిధులు అక్కడి పౌరులకే. మనోనికి వచ్చేది పని ఇడిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ. దుబాయ్‌ల తొలి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, తర్వాత ఏడాదికి 30 రోజులది. కాగితం మీద మూల వేతనం తక్కువ రాస్తే ఆ గింతల కెల్లి గింతే. కంపెనీ మూతపడితే అదీ కష్టమే.

వీళ్ల కోసమే కేంద్రం 2012ల మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన తెచ్చింది. కూలి కొంత జమజేస్తే సర్కారు కొంత కలిపి పింఛను ఇయ్యాలె. చేరినోళ్లు తక్కువున్నరని 2017ల బందు వెట్టిండ్రు. ఎందుకు చేరలేదో ఊర్లకొచ్చి అడిగినోడు నాకైతే కనవడలే. ఇప్పుడు బీమా ఉన్నది, మనిషి ప్రమాదంల సచ్చిపోతే ఇంటికి పది లక్షలు వస్తయి. తెలంగాణ సర్కారు ఇచ్చే ఐదు లక్షల ఎక్స్‌గ్రేషియా సుత సచ్చినోళ్ల ఇంటికే. యాభై ఐదేండ్లకు నడుం పట్టేసి, బతికి ఇంటికొచ్చినోని కోసం ఏ కాగితంల ఒక్క లైను లేదు.