ఆపరేషనా, ఆగడమా? కోవిడ్ కాలం తేల్చిన లెక్క

పెద్దపేగు కాన్సర్ అని తేలిన మనిషికి డాక్టరు సాధారణంగా చెప్పే మాట ఒకటే: "ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోండి." 2020 మార్చి తర్వాత కొన్ని నెలలపాటు ఆ మాట చెప్పడానికి డాక్టర్లే తటపటాయించారు. ఆపరేషనై మంచం మీద కోలుకుంటున్న రోజుల్లో కోవిడ్ సోకితే ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. పోనీ ఆగుదామంటే కాన్సర్ మనకోసం ఆగదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, సరిగ్గా అదే పరిస్థితి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మరి ఇప్పుడు ఈ గోల ఎందుకంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, వైరస్ ఎక్కడికీ పోలేదు. మనలో చాలామంది తల్లిదండ్రులు అరవైలు, డెబ్భైలలో ఉన్నారు. ఇలాంటి ఆపరేషన్ గురించి ఇండియా నుంచి ఫోన్ వస్తే "ఏం చేద్దాంరా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మనమే. రెండోది, ఆనాటి భయం ఇంటింటికీ చేరింది గాని, తర్వాత వచ్చిన జవాబు చేరలేదు.

నేను డాక్టర్ని కాదు. ఇంగ్లండులో ఇంజనీరింగ్ మాస్టర్స్ చేసి, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. అంకెలతో రోజూ పని కాబట్టి, ఆ అంకెలు నిజంగా ఏం చెప్పాయో వివరించే ప్రయత్నం మాత్రమే ఇది.

భయపెట్టిన అంకె

2020 మే నెలాఖరులో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. బర్మింగ్‌హాం యూనివర్సిటీ కేంద్రంగా నడిచిన కోవిడ్‌సర్జ్ బృందం 24 దేశాల్లోని 235 ఆస్పత్రుల నుంచి 1128 మంది వివరాలు సేకరించింది. వీళ్ళలో 23.8 శాతం మంది ఆపరేషనైన 30 రోజుల్లోపే చనిపోయారు. సగానికి పైగా, అంటే 51.2 శాతం మందికి, ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి.

ఆ జూన్‌లోనే గుంటూరులో మా పెద్ద మామయ్యకి పెద్దపేగు కాన్సర్ అని బయటపడింది. ఈ అంకె మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి "ఆపరేషన్ చేయించుకున్న ప్రతి నలుగురిలో ఒకరు పోతున్నారట" అన్న వార్తగా మారింది. అత్తయ్య హడలిపోయింది. "ఈ మాయదారి రోగం తగ్గాక చూసుకుందాం లెండి" అంది. అటు చూస్తే విమానాలు లేవు. ఇండియాకి మామూలు అంతర్జాతీయ సర్వీసులు 2020 మార్చిలో ఆగినవి మళ్ళీ 2022 మార్చిలో గాని మొదలవలేదు. డాలస్ నుంచి ఒకరు, ఇక్కణ్ణించి నేను, ఫోన్లలోనే వాదించుకున్నాం.

నిజానికి ఆ అధ్యయనం చెప్పింది వేరు. ఆ 1128 మందీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళందరికీ ప్రతినిధులు కారు. ఆపరేషన్‌కి వారం ముందు నుంచి నెల తర్వాత వరకు, ఆ మధ్యలో కోవిడ్ సోకినవాళ్ళు మాత్రమే. పైగా వాళ్ళలో 74 శాతం ఎమర్జెన్సీ ఆపరేషన్లు. "సోకితే ఏమవుతుంది" అన్నది ఒక ప్రశ్న, "సోకే అవకాశం ఎంత" అన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబుని జనం రెండోదానికి కూడా వాడేసుకున్నారు.

ఊపిరితిత్తులకెందుకు దెబ్బ?

పేగు ఆపరేషన్‌కీ ఊపిరితిత్తులకీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. పూర్తి మత్తులో మిషన్ ఊపిరి పోస్తున్నప్పుడు ఊపిరితిత్తుల కింది భాగాలు కొంత ముడుచుకుంటాయి. తర్వాత పొట్ట మీద కుట్ల నొప్పికి మనిషి గట్టిగా ఊపిరి తీసుకోలేడు, దగ్గలేడు, కఫం లోపలే ఉండిపోతుంది. ఆపరేషన్ ఒత్తిడికి రోగనిరోధక శక్తి కొన్నాళ్ళు తగ్గుతుంది. దీనికి వయసు, షుగరు, కాన్సర్ వల్ల వచ్చిన రక్తహీనత తోడైతే చెప్పనక్కరలేదు. అలాంటి సమయంలో ఊపిరితిత్తుల్నే పట్టే వైరస్ వచ్చి చేరుతుంది.

పేగు కాన్సర్‌లో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. గడ్డ ఉన్న ముక్క తీసేసి మిగిలిన రెండు కొసలనీ కలిపి కుడతారు. ఆ అతుకు సరిగ్గా మానకపోతే పేగులో ఉండాల్సిన మలం, బాక్టీరియా కడుపులోకి కారతాయి. సర్జన్లు దీన్ని లీక్ అంటారు. కోవిడ్ లేని రోజుల్లో కూడా పేగు సర్జన్లు ఎక్కువగా భయపడేది దీనికే. అందుకే 2020 మార్చిలో బ్రిటన్ సర్జన్ల సంఘాలు, వీలైన చోట అతుకు వెయ్యడానికి బదులు పొట్ట మీద దారి పెట్టి సంచి తగిలించే పద్ధతిని, అంటే స్టోమాని, పరిశీలించమని సూచించాయి. లీక్ అయి మళ్ళీ ఐసీయూకి వెళ్ళే అవసరం తగ్గించడమే దాని ఉద్దేశం.

పేగు కాన్సర్ అసలు లెక్క

అదే బృందం 2020లోనే పెద్దపేగు కాన్సర్ మీద విడిగా లెక్క తీసింది. 40 దేశాల్లో ముందుగా తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకున్న 2073 మందిని చూశారు. వీళ్ళలో ఆపరేషన్ తర్వాత కోవిడ్ సోకింది 78 మందికి, అంటే 3.8 శాతం. 30 రోజుల్లో మొత్తం మీద చనిపోయినవాళ్ళు 1.8 శాతం. కోవిడ్, లీక్ రెండూ రానివాళ్ళలో ఇది 0.9 శాతమే. రెండూ వచ్చినవాళ్ళు 13 మంది, వాళ్ళలో ఐదుగురు పోయారు. పదమూడు చిన్న సంఖ్యే కాబట్టి ఆ శాతాన్ని మరీ పట్టుకుని వేలాడకూడదు. అయినా రెండు ప్రమాదాలూ కలిస్తే ఎంత ఘోరమో తెలుస్తూనే ఉంది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ రోజుల్లో ఆపరేషన్‌కి ఎంపిక చేసినవాళ్ళు కొంత గట్టివాళ్ళే అయి ఉండవచ్చు. కాబట్టి అందరికీ ఇదే వర్తిస్తుందని అనలేం. అయినా "నలుగురిలో ఒకరు" అన్న మాటకీ, "వందలో ఇద్దరికన్నా తక్కువ" అన్న మాటకీ ఎంత తేడా!

ఆగినందుకు కట్టిన వడ్డీ

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇంగ్లండులో 2020 ఏప్రిల్‌లో కొలనోస్కోపీలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 92 శాతం పడిపోయాయి. ఆ ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు, మామూలుగా అయితే బయటపడి వైద్యం అందవలసిన పెద్దపేగు కాన్సర్ రోగుల్లో 3500 మందికి పైగా లెక్కలోకే రాలేదు. రోగం తగ్గి కాదు, చూసేవాళ్ళు లేక. ఇండియాలో 41 కాన్సర్ కేంద్రాల వివరాలు చూస్తే, 2020 మార్చి నుంచి మే వరకు కొత్తగా నమోదైన రోగులు 54 శాతం, పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి.

2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం కాన్సర్ ఆపరేషన్ ప్రతి నాలుగు వారాలు ఆలస్యమైన కొద్దీ మరణ ప్రమాదం సుమారు 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. అంటే వందమందిలో అదనంగా ఆరుగురు పోతారని కాదు. ఉన్న ప్రమాదం మీద పడే వడ్డీ అది. నెలనెలా పెరుగుతుంది, నోటీసు రాదు.

మా మామయ్య నాలుగు నెలలు ఆగారు. అక్టోబరులో ఒక రాత్రి పేగు పూర్తిగా మూసుకుపోయి, కడుపు ఉబ్బి, ఎమర్జెన్సీలో ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. ఆయనకి కోవిడ్ సోకలేదు. కానీ సంచి పెట్టారు, అది ఇప్పటికీ ఉంది. ఇంట్లో అందరం భయపడిన ప్రమాదం రాలేదు, ఎవరం లెక్కలో వేసుకోని ప్రమాదం వచ్చింది.

మరి దారేది?

సోకే ప్రమాదం ఆపరేషన్‌లో ఎంత ఉందో, ఆస్పత్రి ఏర్పాట్లలోనూ అంతే ఉందని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. 55 దేశాల్లో 9171 మంది కాన్సర్ రోగుల్ని చూసినప్పుడు, థియేటరు, ఐసీయూ, వార్డు మూడూ కోవిడ్ రోగులకి దూరంగా విడిగా పెట్టిన ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల సమస్యలు 2.2 శాతం, అలా పెట్టని చోట 4.9 శాతం. ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి లాక్‌డౌన్ మొదటి వారాల్లోనే 494 కాన్సర్ ఆపరేషన్లు చేసింది. ఆరుగురికి కోవిడ్ వచ్చినా, ఆపరేషన్ తర్వాత ఒక్క మరణం కూడా లేదు. డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమనుకోనక్కరలేదు.

ముందే కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళ సంగతి? 2020 అక్టోబరులో 116 దేశాల్లో 1,40,231 మందిని పరిశీలిస్తే, కోవిడ్ వచ్చిన ఆరు వారాల్లోపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో మరణాలు 4 శాతం దగ్గర, ఏడు వారాలు దాటినవాళ్ళలో అసలు సోకనివాళ్ళతో సమానంగా 1.5 శాతం. ఇది టీకాలు రాకముందు లెక్క. తర్వాత బ్రిటన్ నిపుణులు సూచనల్ని సడలించి, మొదటి రెండు వారాలు మాత్రం సాధారణంగా ఆగమని, ఆ తర్వాత రోగి పరిస్థితిని, ఆపరేషన్ అవసరాన్ని బట్టి నిర్ణయించమని అన్నారు. కాబట్టి "ఏడు వారాలు" అనేది కాన్సర్ రోగికి శిలాశాసనం కాదు, డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

రేపు మీ ఇంట్లో ఈ ప్రశ్న వస్తే సర్జన్‌ని నాలుగు మాటలు అడగండి. ఆపరేషన్ రోగుల్ని జ్వరం, దగ్గు ఉన్న రోగులకి దూరంగా ఉంచుతున్నారా? ముందురోజుల్లో పరీక్ష చేస్తారా? అతుకు వేస్తారా, సంచి పెడతారా, సంచి అయితే తాత్కాలికమా? ఆగమంటే ఎన్ని వారాలు, ఆ లోపు ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? ఇక ఇంట్లో చెయ్యగలిగినవి: సిగరెట్ మానడం, రోజూ నడక, ఊపిరి వ్యాయామం, రక్తహీనతకి మందు, డాక్టరు చెప్పిన టీకాలు, పరామర్శకి వచ్చే బంధువుల్ని కొన్నాళ్ళు ఫోన్లోనే పలకరించమనడం. మనవాళ్ళ దగ్గర ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం!

అసలు సంగతి ఇంకా ముందు మొదలవుతుంది. మలంలో రక్తం కనిపిస్తే మన పెద్దవాళ్ళు మొలలని సరిపెట్టుకుంటారు, లేదా సిగ్గుపడి చెప్పరు. ఇంగ్లండులో 50 నుంచి 74 ఏళ్ళవారికి రెండేళ్ళకోసారి పరీక్ష కిట్ ఇంటికే వస్తుంది. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు. ఇండియా ప్రభుత్వ స్క్రీనింగ్ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్లకే గాని, పెద్దపేగుకి లేదు. అక్కడ మన అమ్మానాన్నలకి కిట్ పంపేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళే ఉండాలి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు బీపీ, షుగరుతో పాటు ఈ మాట కూడా అడగండి.