సిగ్నల్ బూస్టర్ బిగిస్తే కేసు మన మెడకే

కాశేలి వంతెన దాటి భివండి వైపు వస్తే సాంచాల మోత మొదలవుతుంది. రేకుల షెడ్లు, ఒకదానికొకటి ఆనుకున్న గోడలు, సందుకో కార్ఖానా. లోపల ఫోను మోగదు. మోగినా ఆ చప్పుడులో వినబడదనుకోండి, అది వేరే సంగతి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వలస వచ్చిన మన నేత కార్మికులకు ఊరితో ఉన్న సంబంధమంతా ఆ ఫోనులోనే ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న కొడుక్కి సిరిసిల్ల నుంచి తల్లి ఫోను చేస్తే 'అందుబాటులో లేరు' అన్న మాటే వస్తుంది. ఇక ఆమెకు తెల్లారేదాకా నిద్ర ఉండదు.

ఈ బాధ మీదనే బూస్టర్ల బేరం నడుస్తోంది. మిద్దె మీద ఒక యాంటెన్నా, షెడ్డులో ఒకటి, నడుమ వైరు, ఒక చిన్న డబ్బా. సాంచా విప్పి మళ్లీ బిగించే మన పిల్లలకు ఇదొక లెక్కా? పూటలో బిగిస్తారు, ఫోనులో గీతలు నిండుగా వస్తాయి. "కంపెనోడు చెయ్యలేంది నేను చేసిన బాపూ" అని సంబరం.

ఆ గీతల వెనుక ఏం జరుగుతుందో చూడాలి. బూస్టర్ టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను పెంచి ఊరుకోదు, మన ఫోను మాటను కూడా పెంచి టవర్ మీదికి విసురుతుంది. పైన ఉన్న యాంటెన్నా, లోపలిది ఒకదాన్నొకటి వింటే, మైకు ముందు స్పీకరు పెట్టినట్టు కూత మొదలవుతుంది. మన చెవికి వినబడదు గానీ టవర్‌కు వినబడుతుంది. అప్పుడు మన షెడ్డులో గీతలుంటాయి, చుట్టుపక్కల వాళ్ల కాల్స్ తెగిపోతాయి. పక్క గల్లీలో అంబులెన్స్‌కు ఫోను చేసేవాడు ఏం కావాలి?

అందుకే ఇది నేరం. లైసెన్సు లేని వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడాన్ని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే శిక్షార్హం చేసింది. లైసెన్సున్న ఫోన్ కంపెనీలు తప్ప ఇంకెవరూ బూస్టర్లు కొనడం, అమ్మడం, వాడడం కుదరదని టెలికాం శాఖ 2022లో స్పష్టంగా చెప్పింది. అనుమతి లేని రేడియో పరికరానికి మొదటిసారి 50 వేల రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 2 లక్షల దాకా జరిమానా అని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో రాశారు. 'నేర్చుకుందామని పెట్టిన సార్' అంటే చెల్లదు. 50 వేలంటే సాంచాల మీద బతికే మనిషికి ఎన్ని నెలల కూలో చెప్పనక్కర్లేదు.

నా అభ్యంతరం ఒకటుంది. అమ్మడమూ నేరమే అయినప్పుడు, అమ్మినవాణ్ని వదిలి బిగించినవాడి ఇంటికే మొదట రావడం ఏం న్యాయం? మిద్దె మీద యాంటెన్నా అందరికీ కనబడుతుంది, దుకాణంలో డబ్బా ఎవరికీ కనబడదు. సిగ్నల్ ఇవ్వకుండా నెలనెలా రీచార్జి డబ్బులు తీసుకునే కంపెనీని అడిగే నాథుడూ లేడు.

అడగాల్సింది మనమే. తమ కవరేజీ మ్యాపును వెబ్‌సైటులో పెట్టాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో కంపెనీలకు చెప్పింది. ఆ మ్యాపులో మన గల్లీ రంగు నిండి ఉండి, షెడ్డులో గీత రాకపోతే అదే రాసి ఫిర్యాదు ఇవ్వాలి, నంబరు తీసుకోవాలి. జవాబు రాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పంపాలి. లోపల చిన్న పరికరం పెట్టే అధికారం కంపెనీకి ఉంది, దాన్ని పెట్టమని అడగడం మన హక్కు. అంతదాకా బ్రాడ్‌బ్యాండ్ ఉన్న కార్ఖానాలో వైఫై కాలింగ్ వాడుకోవచ్చు. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో దాన్ని మొదలుపెట్టాయి.

ఇక వైర్లు, యాంటెన్నాల మీద చేతులు దురద పెట్టే పిల్లలకు హ్యామ్ రేడియో ఉంది. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు. ఫోన్ కంపెనీల బ్యాండ్లు ముట్టకూడదు గానీ, హ్యాములకు కేటాయించిన బ్యాండ్లలో సొంతంగా సెట్టు తయారుచేసి మాట్లాడొచ్చు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్ నుంచి కబుర్లు చేరవేసిన భారతీ ప్రసాద్ హైదరాబాదులోని అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అక్కడికి వెళ్లినవారే.

పద్మనగర్‌లో ఎవరైనా పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఆ పరీక్షకు చదివిస్తే బాగుంటుంది. కంపెనీకి రాసే ఫిర్యాదు మీద మాత్రం ఒక్క ఆసామి సంతకం చాలదు, గల్లీలోని కార్ఖానాలన్నీ కలిసి పెట్టాలి.