పశువులను ముందు అమ్మితే మిగిలేది ఉత్త ఎకరాలే



వీడియోలో మీరు చూసింది మన జైపూర్ మండలంలో అమ్మకానికి ఉన్న ఒక ఎవుసం. ఆరెకరాల పొలం, రెండెకరాల చెలక, నాలుగు ఆవులు, ఒక జత ఎడ్లు, కొట్టం, బావి, తాతల నాటి గూనపెంకుల ఇల్లు. పదేండ్లుగా ఆ భూమిలో యూరియా సంచి దిగలేదు. పెద్దాయనకు మోకాళ్లు సహకరిస్తలేవు. కొడుకుది బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. పొద్దున్నే పేడ తీసి పాలు పిండే మనిషి ఇంట్లో లేడు. అందుకే అమ్ముతున్నాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

నా బాధ వేరే. కొనడానికి వచ్చినోళ్లందరూ ఒకటే అడుగుతున్నారు: "ఎకరం ఎంత?" కొట్టంలోకి తొంగి చూసినోడు లేడు. పిడికెడు మట్టి తీసి వాసన చూసినోడు లేడు.

మా దగ్గర భూమి ధర పంటను చూసి పలకదు. పెగడపల్లి దగ్గర సింగరేణి 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఉంది. ఇందారం వైపు ఓపెన్‌కాస్ట్ ఉంది. రేపు ఇటు ఏమొస్తదో, రోడ్డు ఎటు పోతదో అన్న అంచనా మీదనే బేరం నడుస్తది. సర్కారు భూమి తీసుకున్నా లెక్క అంతే. 2013 భూసేకరణ చట్టంలో చెట్లకు, కట్టడాలకు, నిలబడ్డ పంటకు విలువ కట్టే పద్ధతి ఉంది. పదేండ్లు పెంచిన నేల సారానికి మాత్రం వేరే పద్దు లేదు.

కానీ మనకు తెలుసు కదా, ఎవుసం అంటే ఎకరాలు కావు. ఎకరానికి ఒక విడత జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఆ పేడ కొట్టం నుంచి రావాలె. ఆవుకు మేత పొలంలో వరిగడ్డి నుంచి, చెలకలో జొన్న చొప్ప నుంచి రావాలె. ఆ గడ్డి తడవకుండా ఉండాలంటే ఇంటి చూరు కావాలె. రాత్రి ఆవు ఈనితే చూసే మనిషి ఆ ఇంట్లోనే పండుకోవాలె. ఇందులో ఒక్కటి తీసేస్తే మిగతావి ఒకదాని వెనక ఒకటి పోతయి.

ఇది నేను మా ఇంట్లోనే చూసిన. మా నాయన భూమి అమ్మాలనుకున్నప్పుడు ముందు ఎడ్లను అమ్మిండు, తర్వాత ఆవులను. "భూమి ఎక్కడికి పోదు, పశువులకైతే రోజూ మేత పెట్టాలె కదా" అన్నడు. బేరం కుదిరేసరికి రెండేండ్లు పట్టింది. ఆలోపు పెంటకుప్ప ఎండిపోయింది, కొట్టం కూలింది, చేనులో సర్కారు తుమ్మ మొలిచింది. కొన్నాయన తుమ్మను చూపించే ధర తగ్గించిండు. పశువుల పైసలు వచ్చినయని సంబరపడ్డం గానీ అంతకంటే ఎక్కువే పోగొట్టుకున్నం.

అందుకే నేననేది ఇదీ. ఎవుసం అమ్మాల్సి వస్తే ముక్కలు చేయకండి. పశువులను చివరి దాకా ఉంచండి. రోజూ చేసుకునే ఓపిక లేకపోతే బేరం కుదిరే దాకా ఒక మనిషిని పెట్టుకోండి. ఆ జీతం దండుగ కాదు.

నేల సారాన్ని మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు, కాగితం చూపించాలె. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక గడి ఉంటది. 0.5 శాతం కంటే తక్కువైతే నేల బలహీనం, 0.75 దాటితే బాగున్నట్టు. ఏటా పరీక్ష చేయించి కార్డులన్నీ దాచిపెట్టుకోండి. కొనేటోడు కొత్తగా సేంద్రియ ధృవీకరణకు పోతే ఏటా వేసే పంటలకు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు మార్పిడి కాలం గడవాలె. మందులు వాడలేదని మీ దగ్గర రికార్డు ఉంటే అది అతనికి పనికొచ్చే ఆస్తి. దానికి ధర అడిగే హక్కు మీకుంది.

కొనేటోళ్లకు కూడా ఒక మాట. ఇల్లు పట్టా భూమిలో ఉందా, గ్రామకంఠంలో ఉందా ముందే చూసుకోండి. పాసుబుక్కులో ఎకరాలున్నంత మాత్రాన ఇల్లు కూడా మీ పేరు మీదికి వచ్చినట్టు కాదు. బయానా ఇచ్చినాక ఒక పంటకాలం పాత రైతుతో కలిసి పని చేయండి. ఏ మడిలో నీళ్లు నిలుస్తయో, ఏ ఆవు తంతదో ఆయనకే తెలుసు. అది ఏ దస్తావేజులోనూ రాసి ఉండదు.

"ఇవన్నీ వినడానికి బాగుంటయి, పైసలు అక్కరున్నోనికి ఆగే తీరిక ఎక్కడిది?" అంటరు మీరు. నిజమే. ఆస్పత్రి ఖర్చో, బిడ్డ పెండ్లో నెత్తిన ఉన్నోనికి నేను నీతులు చెప్పను. కానీ అంత తొందర లేనోళ్లు అమ్మకం కంటే ముందు కౌలు ఆలోచించండి. ఏడాది కౌలు కాదు. ఏడాదికే ఇస్తే ఎవడైనా నేలను పిండుకుంటడే తప్ప పెంట తోలడు. కనీసం మూడేండ్లు, రాతపూర్వకంగా, పశువులతో సహా ఇవ్వండి. భూమి లేక, ప్రకృతి వ్యవసాయం చేయాలని తిరుగుతున్న యువకులు మన మధ్యనే ఉన్నరు.

జైపూర్ పెద్దాయనకు కూడా నేను ఇదే చెప్పిన. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి ఆవులకు గడ్డేసి వచ్చి, "అమ్మినా సరే, వీటిని సాకేటోనికే ఇస్త. ఎకరానికి కొంచెం తక్కువొచ్చినా మంచిదే" అన్నడు.

అలాంటి మనిషి మీకు తెలిసి ఉంటే చెప్పండి. మీ ఊర్లో ఇట్లా అమ్ముడుపోయిన ఎవుసం తర్వాత ఏమైందో కూడా రాయండి.