గ్రంథాలయము చలనచిత్రముల నెట్లు ఎన్నుకొనవలెను?

గత వేసవిలో నొక దాత మా పాఠశాల పుస్తకశాలకు అట్టపెట్టె నిండ చలనచిత్రముల డిస్కులు పంపిరి. తెఱచి చూడగా ఇంచుమించు సగము ఒకే కథానాయకుని చిత్రములు. తక్కినవి ఒక్క డిస్కున నాలుగేసి సినిమాలు కూర్చి సంతలో అమ్మునట్టివి. బాలుర సంతోషమునకు మేర లేదు. ఉపాధ్యాయులలో నొకరు సినిమాకు పుస్తకశాలలో స్థానమే లేదనిరి. మఱియొకరు, పిల్లలు కోరినవెల్ల నుంచిననే గాని వారు పుస్తకశాల ముఖము చూడరనిరి. ఈ వాదము విద్యార్థుల వలన తల్లిదండ్రుల చెవిని బడినది. ప్రజా గ్రంథాలయములు చలనచిత్రములను సేకరింపవలెనా, సేకరించినచో నే నియమము ననుసరించి యని పలువురు మమ్మడిగిరి. మా యభిప్రాయము నిచ్చట వ్రాయుచున్నాము.

దాత యౌదార్యమునకు మా వందనములు. కాని ఒకరి యింట నెక్కువైన వస్తువులు వచ్చి చేరుట యెన్నిక యనిపించుకొనదు. సంతలోని దొంగప్రతుల మాట చెప్పనే యక్కఱలేదు. వానిని గ్రంథాలయము ముట్టరాదు. దాతల దయమీదనే గ్రంథాలయములు నడచిన కాలము గడచినది. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వచ్చెను. 1960లో ఆంధ్రప్రదేశమునకు వేఱొక శాసన మేర్పడెను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగ వసూలగుచున్నది. సినిమాహాలునకు పోవువాడు తనకు నచ్చిన చిత్రమునకే టికెట్టు కొనును. గ్రంథాలయమునకో, ఇంటి పన్ను కట్టిన ప్రతివాడును టికెట్టు కొనియే యున్నాడు. చిత్రమేదో మాత్ర మెవరును వాని నడుగరు.

ప్రతి యింట సెల్ ఫోనుండగా గ్రంథాలయమునకు చిత్రములేల యని యడుగువారు గలరు. ప్రశ్న సమంజసమే. కాని ఫోనులో ముందుగ కంటబడునది అమ్ముడుపోవునది. హక్కుదారు డొప్పుకొన్నన్నాళ్లే యది యుండును. ఒకనాడు తీసివేయుదురు, తీసివేసితిమని మనకు జాబు వ్రాయరు. గ్రంథాలయపు బీరువా చేయవలసిన పని వేఱు. కావున ప్రతి చిత్రమును గూర్చియు మొదట అడుగవలసినది, ఇది మఱియొకచోట సులభముగ దొరకునా యని. దొరకునదైనచో తొందర లేదు. దొరకక, యీ ప్రాంతపువారి బ్రదుకునకు సంబంధించినదై యున్నచో, అట్టి దానిపై సొమ్ము వెచ్చింపవలెను.

ఏది సంబంధించినదో యెవరు నిర్ణయింతురు? పండితులే నిర్ణయింపవలె నన్నచో మాకు బ్రౌనుదొర జ్ఞాపకమునకు వచ్చును. 1820లో కడపకు వచ్చిన ఆ యింగ్లీషు ఉద్యోగి, పండితులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను వ్రాతప్రతులనుండి యేరి 1829లో అచ్చువేయించెను. ఆనాడు పండితసభ కూర్చి యోట్లు తీసికొనియుండినచో వేమనకొక్క యోటైన దొరకునో లేదో! కడపలో ఆయన నివసించిన స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది.

ఆ వేమన కథను చిత్రముగ తీసినవారును రాయలసీమవారే. తాడిపత్రికి చెందిన కె. వి. రెడ్డిగారు 1947లో 'యోగి వేమన' తీసిరి. నాగయ్యగారు వేమనగ నటించిరి. మనకు మఱింత సమీపమున, పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి. ఎన్. రెడ్డిగారు 1939లో 'వందేమాతరము', 1940లో వితంతు వివాహమును గూర్చి 'సుమంగళి', 1951లో 'మల్లీశ్వరి' తీసి, 1974వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము నందిరి. తొమ్మిదవ తరగతిలో ఈ చిత్రములలో నేదేని చూచినవారు చేయెత్తుడని మే మడుగగా లేచిన చేతులు రెండు. పిల్లల దోష మిందేమియు లేదు, చూపినవారెవరు? 'రైతుబిడ్డ' సంగతి యింకను వింత. గూడవల్లి రామబ్రహ్మముగారు 1939లో జమీందారీ రైతుల యిడుమలను గూర్చి తీసిన ఆ చిత్రమునకు ధనసాయము చేసినవారు చల్లపల్లి రాజావారు, స్వయముగ జమీందారులు. అభ్యంతరము చెప్పినవారును జమీందారులే. వారి మాట విని ప్రభుత్వము నిషేధించెను. నాడు నిషేధింపబడిన యా చిత్రమునే నేడు చరిత్ర పాఠమునకు తోడుగ చూపవలెనని మేము కోరుచున్నాము.

గడచిన కాలపు నిషేధములను నిందించుట సులభము. మన కన్నుల యెదుటి విషయము వచ్చునప్పటికి మాట తడబడును. తుమ్మలపల్లె పేరు నేడు దేశమందు వినబడుటకు కారణము యురేనియము గని. 2012లో నిచ్చట ఉత్పత్తి యారంభమైనది. ఖనిజమును భూగర్భమునుండి తీసి, క్షారద్రవముతో యురేనియమును వేఱుచేసి, మిగిలిన వ్యర్థమును గొట్టముల ద్వారా చెఱువువంటి కట్టడమునకు పంపుదురు. అటు పిమ్మట కొన్నేండ్లకు ఆ కట్టడపు చేరువ గ్రామముల రైతులు తమ బోరు నీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతినుచున్నవనియు మొఱపెట్టిరి. గని సంస్థవారు తమ కట్టడము వలన హాని లేదనిరి. మా విద్యార్థులలో గనిలో పనిచేయువారి బిడ్డలున్నారు, ఆ తోటల రైతుల బిడ్డలును ఉన్నారు. ఒకే బల్లమీద కూర్చుందురు.

ఇదే దేశమున, ఝార్ఖండమందలి జాదుగోడాలో 1967 మొదలు యురేనియము త్రవ్వుచున్నారు. అచ్చటి ఆదివాసుల యనారోగ్యమును గూర్చి శ్రీప్రకాశ్ అను దర్శకుడు 1999లో 'బుద్ధ వీప్స్ ఇన్ జాదుగోడా' యను డాక్యుమెంటరీ తీసెను. రోగములకు కారణము రేడియో ధార్మికత యన్న వాదమును గని సంస్థవా రంగీకరింపలేదు. మన ప్రాంతపు గ్రంథాలయము ఆ చిత్రమును కొనవలెనా? కొనవలెనని మా నిశ్చితాభిప్రాయము. కొని, దాని ప్రక్కనే అణుశక్తి శాఖవారి పక్షమును తెలుపు చిత్రములను సయితము, చవుకబారువి కాక వానిలో మేలైనవానిని, ఉంచవలెను. వీనిలో నొకదానిని మాత్రమే యుంచి రెండవదానిని దాచిన గ్రంథాలయాధికారి, ఏ పక్షమున దాచినను, పిల్లల కన్నులకు గంత కట్టినవాడే యగును. తగవు వచ్చునని రెండింటిని మానివేయువాడు తనను కాపాడుకొన్నాడు గాని, ఆ బిడ్డలకు చేసిన మేలేమి? గని మీది జీతముతో బ్రదుకువారికి కష్టము తోచదా యని మమ్మొకరు ప్రశ్నించిరి. తోచవచ్చును. అరటి రైతునకు రెండవ చిత్రము చూచినప్పు డంతకంటె తక్కువ కష్టము తోచదు.

వయస్సును గూర్చి రెండు మాటలు. చిత్రపరిశీలక మండలివారి పత్రములో 2023 శాసన సవరణము పిమ్మట 7, 13, 16 ఏండ్ల తరగతులున్నవి. అవి యుపయోగకరములే. కాని ఆ పత్రము చిత్రము హానికరము కాదని చెప్పును గాని మంచిదని చెప్పదు. కావున ఎన్నుకొను సంఘములో గ్రంథాలయాధికారితోపాటు ఒక ఉపాధ్యాయుడును, ఒక రైతును, ఒక తల్లియు ఉండి, చిత్రమును మొదటినుండి తుదివఱకు చూచి, కొన్నందుకో కొననందుకో కారణమును పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. ఆ పుస్తకము నడిగినవారికెల్ల చూపవలెను. ప్రదర్శనకు హక్కుదారుల యనుమతి కావలెనన్న సంగతి మఱవరాదు. చిత్రము వెలువడిన మఱుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు హక్కు నిలుచును. పాఠశాలలో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మాత్రమే చూపుటకు శాసనము వెసులుబాటిచ్చినది. ప్రజా గ్రంథాలయపు వరండాలో ఊరివారి కెల్ల చూపుట కది చాలదు. ఇక మన సీమ యెండలో రేకుల కప్పు క్రింద డిస్కులుంచినచో మూడు వేసవులు గడచువఱకు నిలుచునా యని మాకు సందేహము.

ఇంతకంటె ముఖ్యమైన చిత్రములు ఏ యంగడిలోను దొరకవు. 2000వ సంవత్సరమునకు ముందు వెనుకలుగ ఈ పల్లెలలో జరిగిన పెండ్లిండ్లను, తిరునాళ్లను వీడియో కాసెట్టులకెక్కించినవారు పలువురు గలరు. పెండ్లికొమార్తె వెనుక మీ నాటి బావియు, మోటయు, శనగచేలును, గని రాకపూర్వపు మిట్టయు నందులో కనబడును. అట్టి వానిని సేకరించుట ఏ గొప్ప నగర గ్రంథాలయమునకును సాధ్యము కాదు, మనకు సాధ్యము. కాసెట్టు టేపు బూజు పట్టునది. ఆడించు యంత్రములును అరుదగుచున్నవి. కావున ఇంటి అటకలపై అట్టివి యుంచుకొన్న తల్లిదండ్రులు, ఊరి పేరును, జరిగిన సంవత్సరమును, కనబడువారిలో గుర్తున్నవారి పేర్లను చీటిపై వ్రాసి మీ పిల్లల చేత పంపుడు. ప్రతి తీయించుకొని, మీ యనుమతి లేక యెవరికిని చూపక, మూలమును మీకే మరల నప్పగింతుము.