కిల్టు గుడ్డ ఖరీదెక్కువట!

మన సంఘానికి సొంత టార్టన్ నేయించాలన్న మాట పుట్టినప్పటినుంచీ ఒకటే గోల. మిల్లు చెప్పిన ధర దారుణమట, ఏటికేడాది పెంచేస్తున్నారట, నేతవాళ్లు నిలువునా దోచుకుంటున్నారట. అంతకన్న ఎడిన్‌బరో రాయల్ మైల్ మీద అక్రిలిక్ కిల్టులు చవగ్గా దొరుకుతాయి, డజన్లకొద్దీ కొనేద్దామని కొందరు పెద్దల సలహా. ఈ సలహా మాకు సమ్మతం కాదు. ధర పెరగలేదని మేమనడం లేదు. పెరిగింది. దోపిడీ అన్న మాట దగ్గరే మా తగవు.

కిల్టుకు చిన్న పన్నా అయితే ఎనిమిది గజాలు, పెద్ద పన్నా అయితే నాలుగు గజాలు పడుతుంది. ఆ ఉన్ని మనం కారులోంచి చూసి మురిసిపోయే నల్లమొహం గొర్రెలది కాదు. వాటి ఉన్ని ముతక, తివాచీలకు పోతుంది. కిల్టుకు కావలసిన సన్నని మెరినో ఉన్ని చాలావరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండుల నుంచి ఓడెక్కి రావాలి. పైగా అసలైన కిల్టుకు కింద మడిచి కుట్టడం ఉండదు. మగ్గం మీద నేసిన అంచే కిల్టు అంచు. చీర అంచు వేలితో తడిమి బేరమాడే జాతికి ఇంతకన్న చెప్పాలా?

అయితే అసలు శ్రమంతా నేతకు ముందే ఉంది. కొత్త గళ్లు కావాలంటే ఆ రంగుల లెక్కన పడుగు వేయాలి. వేల పోగులు వరుస తప్పకుండా మగ్గానికెక్కించాలి. పోగు తప్పితే గడి తప్పుతుంది. ఇంతా చేశాక నాలుగు గజాలు నేసినా, వంద గజాలు నేసినా ఆ ముందు ఖర్చు దాదాపు ఒకటే. మనలో డాక్టర్లకు కొదవ లేదు; చిన్న ఆపరేషనైనా థియేటరు మొత్తం సిద్ధం చేయాలని వాళ్లకు తెలియదా? ఎవరికి వారు విడివిడిగా ఒక్క కిల్టుకు ధర అడిగి, ఆ ధర చూసి గుండెలు బాదుకుంటే తప్పు మిల్లుది కాదు.

రంగుల అద్దకానికీ, నేసిన గుడ్డ కడిగి ఆవిరి పట్టడానికీ వేడి కావాలి. 2022లో గ్యాసు, కరెంటు ధరలు మండిపోయినప్పుడు మన ఇళ్లే చలికి వణికాయి. మిల్లులకు మాత్రం వేరే దారేముంది? బోర్డర్స్ ప్రాంతంలో ఒకప్పుడు ఊరూరా మిల్లులుండేవి. ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఇక సర్కార్ల సంగతి. ఎడిన్‌బరో పార్లమెంటు 2008లో చట్టం చేసి, టార్టన్లకు ఒక రిజిస్టరు పెట్టింది. మంచిదే. కాని అందులో నమోదయ్యేది గళ్ల లెక్క మాత్రమే. ఆ గుడ్డ ఎక్కడ నేయాలో, దేనితో నేయాలో ఎవరూ అడగరు. హారిస్ ట్వీడుకు 1993లోనే చట్టం వచ్చింది: ఆ దీవులవాళ్లు తమ ఇళ్లలో చేత్తో నేస్తేనే ఆ పేరు. టార్టన్‌కు ఆ రక్షణ లేదు. పన్ను దగ్గర మాత్రం లండన్ సర్కారుకు సమదృష్టి: సెల్కర్క్‌లో నేసిన ఉన్నికీ, ఎక్కడినుంచో దిగిన అక్రిలిక్‌కూ అదే 20 శాతం వ్యాట్.

(మన దేశంలోనూ 1985లో కొన్ని రకాలు చేనేతకే కేటాయిస్తూ చట్టం చేశారు. అమలు సంగతి అడక్కండి.)

వాళ్ల వంశాల గుడ్డ మనకెందుకని అడిగేవారూ ఉన్నారు. ఈ వంశాల టార్టన్లలో చాలా భాగం 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చిన సందడిలోనూ, ఆ తర్వాతా కుదురుకున్నవే. ఎవరి గళ్లు వారు ఎంచుకున్నారు. మనమూ ఎంచుకుందాం.

పోచంపల్లి చీర నేసిందో, అచ్చు వేసిందో వెనక్కి తిప్పి చూసి మరీ కొనే మనం, ఇక్కడి నేతగాడి దగ్గరికొచ్చేసరికి అచ్చు గుడ్డ చాలంటే ఎలా? కిల్టు కావలసినవారు ఈ నెలాఖరులోగా కార్యదర్శికి పేర్లివ్వండి. కిల్టు వద్దనేవారు అదే గుడ్డలో మఫ్లరు తీసుకోండి. అందరిదీ కలిపి ఒకే పడుగుకు ధర అడుగుదాం. అప్పుడొచ్చిన ధర చూసి, తిట్టాలనిపిస్తే తిట్టండి.