ర్యాంకుకు శాలువా కప్పాం, మరి ప్రాజెక్టుకు?

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిక చేసుకుని చదవండి. కోపమొస్తే టౌన్‌షిప్‌లో ఎదురుపడ్డప్పుడు తిట్టండి, సగంలో మాత్రం వదిలేయకండి.

మొన్న ఉగాది సభలో ఎప్పటిలాగే ర్యాంకులొచ్చిన పిల్లలకు శాలువాలు కప్పి, మెమెంటోలిచ్చి, ఫొటోలు తీసుకున్నాం. ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం అయిపోయిన ఒకమ్మాయిని భోజనాల దగ్గర ఊరికే అడిగాను, "ప్రాజెక్టు ఏం చేశావమ్మా?" అని. ఆ పిల్ల తలదించుకుంది. పక్కనున్న వాళ్లమ్మ అందుకుని, "అది బయట చేయించాంలే అన్నా, అందరూ అంతే కదా" అంది.

నేను నోరెత్తలేదు. ఎత్తే మొహం నాకూ లేదు. మూడేళ్ల కింద మావాడి ప్రాజెక్టు నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక షాపులో కొన్నారు. మా వాటా 4,500. ఫోన్‌లో నేనే కొట్టాను. మట్టి తడి ఆరితే తనంతట తానే నీళ్లు పెట్టే మిషను. వైవా అయ్యాక ఆ డబ్బా మా అటక మీదికి చేరింది. తర్వాత ఒక కంపెనీ ఇంటర్వ్యూలో, "ఈ సెన్సరు బదులు వేరేది ఎందుకు వాడలేదు?" అని అడిగారట. వీడికి ఆ సెన్సరు పేరే గుర్తులేదు. ఆ రోజు రాత్రి వాడు అన్నం తినకపోవడం నాకు బాగా గుర్తుంది. గైడు సారును తిట్టుకున్నాను గానీ, ఆయన నెత్తిన ఎన్ని బ్యాచ్‌లు ఉన్నాయో, వారానికి ఎన్ని క్లాసులున్నాయో నేనెన్నడూ అడగలేదు. డబ్బు కొట్టింది నేను, ఆయన కాదు.

డిగ్రీ పిల్లల చేతనేమవుతుంది, పరిశోధన అంటే పీహెచ్‌డీ వాళ్ల పని కదా అనేవాళ్లకు ఒక సంగతి. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ సీ15 లో స్టడ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహం కూడా వెళ్లింది. కిలో బరువు కూడా లేదు. దాన్ని తయారుచేసింది ఏడు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు: నాలుగు బెంగళూరువి, మూడు హైదరాబాదువి. బెంగళూరు నిట్టె మీనాక్షి కాలేజీ ముందుండి నడిపింది, మన హైదరాబాద్ సీబీఐటీ అందులో ఒకటి. అధ్యాపకులు వెనకుండి దారి చూపారు, ఇస్రో వాళ్లు తప్పులు పట్టారు, చేతులు కాల్చుకున్నది మాత్రం పిల్లలే. కర్ణాటకలో ఉంటూ తెలుగు మాట్లాడే మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏం కావాలి?

ఉపగ్రహాలే అక్కర్లేదు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే సదాశివయ్యగారు విద్యార్థులను వెంటేసుకుని కాలేజీ ఆవరణలోనే బొటానికల్ గార్డెన్ పెంచారు. పెద్ద యూనివర్సిటీ కాదు, మామూలు ప్రభుత్వ కాలేజీ.

ఇక మన ఊరు. పరిశోధనకు సరుకు వెతుక్కుంటూ ఎక్కడికో పోవాలా? 2018 నవంబరులో గని ఆగిపోయింది, 2021 ఫిబ్రవరిలో మళ్లీ మొదలైంది. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో మన అంగళ్లు, ఆటోలు, అద్దె ఇళ్లు ఏమయ్యాయో ఎవరైనా లెక్క రాశారా? బీకాం పిల్లలు నలుగురు ఖాతా పుస్తకాలు అడిగి చూసినా చాలు, ఇంకెక్కడా దొరకని చరిత్ర అవుతుంది. ఇంకో పదేళ్లయితే ఆ పుస్తకాలు కూడా ఉండవు. వానాకాలంలో నారిహళ్లలోకి దిగే ఎర్ర నీళ్లు కెమిస్ట్రీ వాళ్లకు. సండూరు లంబాణీ కుట్టుపనికి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కుట్టు వేసే ఆడవాళ్ల చేతికి ఎంత ముడుతోందన్నది ఇంకొకరికి. మనం ఇంట్లో మాట్లాడే ఈ తెలుగు సంగతి సరేసరి. సగం కన్నడం కలిసిన మన మాట విని బెజవాడ చుట్టాలు నవ్వుతారు. దాన్ని రికార్డు చేసి రాసుకుంటే అది భాషాశాస్త్రం. నాటకమంటే ఇష్టమున్న పిల్లలుంటే, బళ్లారి రాఘవ, ధర్మవరం రామకృష్ణమాచార్యులు తిరిగిన జిల్లాలోనే ఉన్నాం. ఒక నాటకం రాసి ఆడటం కూడా ప్రాజెక్టే.

సర్కారు చేస్తుందని కూర్చుంటే కుదరదు. 2021లో మన రాష్ట్రంలో నాలుగేళ్ల ఆనర్సు డిగ్రీ అన్నారు, 2024లో మళ్లీ మూడేళ్లకే తిరిగొచ్చారు. అలాగని దారులు బొత్తిగా లేవనీ కాదు. కర్ణాటక రాష్ట్ర శాస్త్ర సాంకేతిక మండలి ఏళ్ల తరబడి ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకు సాయం చేస్తోంది. దరఖాస్తు కాలేజీ గైడు ద్వారానే పోవాలి. మన పిల్లల్లో ఎందరికి ఆ పేరు తెలుసో ఒకసారి అడిగి చూడండి.

అందుకే నా ప్రతిపాదన. వచ్చే ఉగాదికి శాలువాలు, మెమెంటోల ఖర్చులో సగం పక్కన పెడదాం. మొదటి ఏడు మూడే ప్రాజెక్టులు. కాలేజీ అధ్యాపకుడు ఒకరు నేను చూసుకుంటానని సంతకం పెట్టాలి. మన రిటైరైన జియాలజిస్టులు, ఇంజనీర్లు సాయపడొచ్చు గానీ గైడు స్థానంలో వద్దు. పిల్లల బదులు వాళ్లే చేసిపెట్టేస్తారు, నాకు తెలుసు మనవాళ్ల సంగతి. సగం డబ్బు మొదట్లో, మిగతా సగం పని అయ్యాక. ఆ రోజు పిల్లలు మన హాల్లో నిలబడి తెలుగులోనో కన్నడంలోనో పావుగంట చెప్పాలి, మన ప్రశ్నలకు జవాబివ్వాలి. ప్రయోగం ఫెయిలయినా రెండో సగం ఇచ్చేద్దాం, ఎందుకు ఫెయిలయిందో చెప్పగలిగితే చాలు. కొన్న ప్రాజెక్టయితే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

"ర్యాంకు పిల్లల మనసు కష్టపెట్టుకోదా?" అని కోశాధికారిగారు ఫోన్‌లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ర్యాంకు వచ్చిన పిల్లను వేదిక మీదికి పిలుద్దాం, చప్పట్లు కొడదాం. శాలువా లేకపోయినా ఆ పిల్ల ర్యాంకు ఎక్కడికీ పోదు.

వచ్చే కార్యవర్గ సమావేశానికి ఇది రాతపూర్వకంగా ఇస్తున్నాను. మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లను కూడా తీసుకురండి. మా అటక మీది డబ్బా నేను తెస్తాను. మావాడు ఈ మధ్య దాన్ని విప్పి మొదటి నుంచి మళ్లీ వైరింగ్ చేస్తున్నాడు, ఇంకా పనిచేయట్లేదు.